పేరు రాసినవాడే పిండి కలపాలి

"అమ్మా, నీకు పై చెయ్యడం వచ్చా?"

2024 మార్చిలో ఒక ఆదివారం పొద్దున్న, ఫోన్లోంచి తలెత్తకుండా మావాడు అడిగిన ప్రశ్న ఇది. నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. "పైన చెయ్యడానికి ఏముందిరా, నిన్ననేగా ట్యాంకు కడిగించారు?" అన్నాను. వాడు నవ్వాడు. కోడలు నవ్వింది. పేపరు వెనకాల మావారి భుజాలు కూడా కదిలాయి.

సంగతేమిటంటే వాళ్ళ ఆఫీసులో ఆ గురువారం పాట్‌లక్. తలా ఒక వంటకం తెచ్చి అందరూ పంచుకు తినడం. ఊరికే తెస్తే సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఎందుకవుతారు! దానికొక థీమ్ ఉండాలి. మార్చి 14ని అమెరికా వాళ్ళు నెల ముందు వేసి 3/14 అని రాస్తారు కాబట్టి, అది మన లెక్కల్లో పై విలువ 3.14 కాబట్టి, ఆ రోజు 'పై డే' అట. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియంలో లారీ షా అనే ఆయన మొదలుపెట్టాడట. ఇంగ్లీషులో పై అంటే పిండి పొర లోపల కూరో పండో పెట్టి వండే వంటకం కూడా కనక, ఆ రోజు అందరూ పైలు తింటారు. మనం తేదీ ముందు రాస్తాం కదా, మన లెక్కన చెయ్యాలంటే జులై 22న చెయ్యాలి, బళ్ళో మనందరం రాసిన 22/7. ఈ మాట అంటే మావాడు "అమ్మా, అది టీమ్‌లో చెప్తాలే" అన్నాడు. చెప్పలేదనుకోండి.

ఇంతకీ వాడు ఆ పట్టికలో తన పేరు ఎదురుగా 'రెండు రకాల పైలు, ఒకటి స్వీటు, ఒకటి హాటు, హోమ్ మేడ్' అని రాసేశాడు. రాసేశాకే నన్ను అడుగుతున్నాడు, చెయ్యడం వచ్చా అని.

ఆ పట్టిక చూపించమన్నాను. ఇరవై రెండు మంది టీమ్. తొమ్మిది మంది ఆడపిల్లలు. తొమ్మిది మందీ వంటకాలే రాశారు. మిగిలిన పదముగ్గురు మగపిల్లల్లో ఐదుగురు పేపరు ప్లేట్లు, కూల్‌డ్రింకులు, చిప్స్, ఐస్ ముక్కలు, ఇలాంటివి రాశారు. తక్కిన ఎనిమిదిమంది పేర్ల ఎదురుగా 'హోమ్ మేడ్' అని ఉంది. హోమ్ మేడ్ అంటే ఇల్లు చేసిందని అర్థం. ఇల్లు ఎలా చేస్తుందండీ? గోడలు పిండి కలుపుతాయా, గుమ్మం నూనె కాగబెడుతుందా? ఆ ఎనిమిది ఇళ్ళల్లోనూ ఆ ఆదివారం పొద్దున్న ఎవరో ఒకావిడ చేతిలో పని ఆపి "ఏం చెయ్యాల్రా?" అని అడుగుతూనే ఉండి ఉంటుంది. వాళ్ళలో నేనొకదాన్ని.

ఇక్కడ మీకొక పాత సంగతి చెప్పాలి. ఇరవై ఆరేళ్ళ పాతది. చెప్పకుండా ముందుకెళ్తే, ఇంత చిన్న విషయానికి ఈవిడ ఇంత గొడవెందుకు చేసిందో అనుకుంటారు.

1998లో మావారి బ్యాంకులో ఒక పెద్దాయన రిటైరవుతున్నాడు. అప్పటికి పాట్‌లక్ అనే మాట మాకు తెలీదు. 'అందరూ తలో ఐటం' అనేవాళ్ళు. మావారు ఎనభై కజ్జికాయలు తెస్తానని ఒప్పుకుని వచ్చారు. మేమప్పుడు నారాయణగూడలో, మార్కెట్‌కి దగ్గర్లో, రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. మావాడికి రెండేళ్ళు, ఆ రోజు ఒళ్ళు వెచ్చగా ఉంది. వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకునే కొబ్బరి తురిమాను. వాడు నిద్రపోయాక రాత్రి పదింటికి బాండీ పెడితే ఒంటిగంటన్నరకి దింపాను. మధ్యలో కరెంటు పోయి కొవ్వొత్తి వెలుగులో వేయించిన వాయి ఒకటి మాడింది. మోచేతి దగ్గర నూనె చింది కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది, చూపించమంటే చూపిస్తాను.

మా అమ్మ నా పెళ్ళికిచ్చిన పెద్ద స్టీలు డబ్బాలో సర్ది పంపాను. ఆ రోజుల్లో గిన్నెల మీద పేర్లు చెక్కించేవాళ్ళు కదా, ఆ డబ్బా మూత మీద అమ్మ పేరూ, నా పెళ్ళి తేదీ ఉంటాయి. సాయంత్రం డబ్బా వచ్చింది. లోపల తడిసిన కాగితం, ఎవరిదో సగం తిన్న పకోడీ. "ఎలా ఉన్నాయన్నారు?" అని అడిగాను. "అయిపోయాయి" అన్నారు మావారు, చొక్కా విప్పుతూ.

సరే, మగవాళ్ళు అంతే అనుకుని ఊరుకున్నాను. చాలా ఏళ్ళ తరవాత ఆయన రిటైర్మెంటు రోజున, వాళ్ళ సహోద్యోగి భార్య నా చెయ్యి పట్టుకుని "మీ అత్తగారు చేసిన కజ్జికాయల్ని మావారు ఇప్పటికీ తలుచుకుంటారండీ" అంది. 1998లో మా అత్తగారు తెనాలిలో ఉన్నారు. హైదరాబాదు రావడమే పండగలకి. ఇంటికొచ్చి అడిగితే మావారు "నేనలా చెప్పలేదు, మా ఇంట్లో చేశారు అన్నానంతే" అన్నారు. నమ్మాను. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. కానీ 'ఇంట్లో చేశారు' అనే మాటలో మనిషి లేదు చూశారూ, ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. మా విషయంలో అత్తగారు కూర్చున్నారు.

పంచుకు తినడం మనకి కొత్త కాదు. కార్తీకమాసంలో వనభోజనాలకి వెళ్తాం, ఉసిరి చెట్టు కింద విస్తళ్ళు వేస్తాం. అక్కడా వంట ఆడవాళ్ళదే, మగవాళ్ళు పేకాడుతూ ఉంటారు, అదేం గొప్ప న్యాయం అనను. మా పక్క ఫ్లాట్ ఆవిడది వరంగల్. సద్దుల బతుకమ్మ రోజున ఆవిడ పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, మలీద ముద్దలు డబ్బాల్లో సర్దుకుని బయల్దేరితే చూడాలి. బతుకమ్మని నీళ్ళలో వదిలాక ఆడవాళ్ళంతా ఒకరి సద్ది ఒకరికి పెట్టుకుంటారు. నేనూ రెండుమూడుసార్లు వెళ్ళాను. "ఇదెవరు చేసింది? నువ్వులు భలే వేగాయే" అంటే, చేసినావిడ అక్కడే ఉంటుంది, సిగ్గుపడుతుంది, ఎలా చేసిందో చెబుతుంది. తినేవాళ్ళ మొహం వండినవాళ్ళకి కనబడుతుంది. ఆఫీసు పాట్‌లక్‌లో తేడా అదే. వంటకం వెళ్తుంది, వండినావిడ వెళ్ళదు. మెప్పంతా మెడలో ఐడీ కార్డు ఉన్నవాడిది.

అందుకని ఆ ఆదివారం నేను చిక్కుడుకాయలు పక్కన పెట్టి చెప్పాను. "నాకు వచ్చు. నేర్పిస్తాను. నువ్వే చేస్తావు."

మావాడు కోడలి వంక చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. కోడలిది వేరే ఆఫీసు, రాత్రి తొమ్మిదైతేగానీ ఇంటికి రాదు. ఆ పిల్ల నోరు తెరిచేలోపే "దాని పేరు ఆ పట్టికలో ఎక్కడైనా ఉందా?" అన్నాను. లేదు. "అయితే దాన్నెందుకు చూస్తావు?" మావారు పేపరు మడిచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

ఈ మాట మా బంధువుల్లో ఒకావిడకి ఫోన్లో చెప్తే నన్నే కోప్పడింది. "పగలంతా పనిచేసి వచ్చే పిల్లాడు, నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, ఓ గంట పని నీకు బరువా?" అంది. బరువు కాదు. నిజం చెప్పొద్దూ, నాకు వండటం ఇష్టం. నలుగురూ బాగుందంటే ఇంకా ఇష్టం. ఓ గంట పని కూడా కాదనుకోండి, ఆ సంగతి వండనివాళ్ళకి తెలీదు. నేనన్నది వేరే. వాడు అలిసిపోతాడని తెలిస్తే పేపరు ప్లేట్లు రాయొచ్చు, ఎవరూ కాదనరు. చిక్కడపల్లిలో స్వగృహ షాపులో అరకిలో కొని పట్టుకెళ్ళి 'కొన్నాను' అని చెప్పొచ్చు, అదీ మర్యాదే. ఇంకొకరి చేతుల్ని అడక్కుండా మాటిచ్చెయ్యడం మాత్రం మర్యాద కాదు. అప్పు తెచ్చేవాడు కూడా ముందు అడిగి తెస్తాడు కదా.

సరే, ఏం పైలు చెయ్యాలి? వాడు యూట్యూబులో యాపిల్ పై, చికెన్ పాట్ పై చూసి పెట్టుకున్నాడు. మా ఇంట్లో ఓటీజీ ఉంది. పదేళ్ళుగా అందులో గ్యాస్ పుస్తకం, కరెంటు బిల్లులు, పాత పెళ్ళిపత్రికలు ఉంటున్నాయి. అదొక్కటే కాదు. యాపిల్ పై పిండికి వెన్న గట్టిగా, చల్లగా ఉండాలి. మార్చి మధ్యలో హైదరాబాదు వంటింట్లో వెన్న గిన్నెలోంచి పిండిలోకి వెళ్ళేలోపే నెయ్యవుతుంది. చికెన్ పైకి ఇంకో చిక్కు. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకి మించి ఉంచొద్దనీ, వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటేననీ అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళ లెక్క. మావాడు ఇంట్లోంచి ఎనిమిదిన్నరకి బయల్దేరితే వాళ్ళు తినేది ఒంటిగంటన్నరకి. ఐదు గంటలు చికెన్ కూర డబ్బాలో పెట్టి పంపి, ఇరవై రెండు మంది కడుపుల బాధ్యత నేను తీసుకోను. ఆఫీసులో ఫ్రిజ్ ఉంది, మైక్రోవేవ్ ఉంది అన్నాడు. ఫ్రిజ్‌లో పెట్టినవి మైక్రోవేవ్‌లో వేడి చేస్తే పై కరకర పోయి తడి అట్టముక్క అవుతుంది. కొబ్బరిపాలు, కోవా, కస్టర్డ్ పోసిన తీపి పైలకీ ఇదే గండం.

"మరి పై అంటే ఇంకేముంటుందమ్మా?" అన్నాడు దిగులుగా.

ఏముండటమేమిటి! పిండి పొర, లోపల పూర్ణం, అంచులు నొక్కేసి మూసెయ్యడం. ఇంగ్లీషువాళ్ళు పూర్వం గట్టి పిండితో పెట్టెలాగా కట్టి లోపల మాంసం పెట్టేవారట. ఆ పిండి గిన్నె లాంటిదే, చాలాసార్లు తినేవారు కూడా కాదు. ఇంగ్లండులో కార్న్‌వాల్ అనే చోట గనుల్లోకి దిగే పనివాళ్ళు పట్టుకెళ్ళే పాస్టీ ఫోటో మావాడే తీసి చూపించాడు. చూస్తే ఏముంది, అర్ధచంద్రాకారం, వంపు పక్కన మెలితిప్పిన అంచు. అచ్చం మన కజ్జికాయ! లోపల కొబ్బరికి బదులు మాంసం, బంగాళాదుంప, అంతే తేడా. మన హలీమ్‌కి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చినట్టే, ఆ పాస్టీకి 2011లో యూరపు వాళ్ళిచ్చారట. ఆ కార్న్‌వాల్ గని పనివాళ్ళే మన చిత్తూరు పొలిమేర దాటితే వచ్చే కోలారు బంగారు గనుల్లోకీ వచ్చి పనిచేశారు. మనవాళ్ళు కూడా అక్కడికి పనికి వెళ్ళినవాళ్ళే. మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు ఒకరిది ఒకరు చూసుకున్నారో లేదో!

కాబట్టి తీపి పై కజ్జికాయ. మా వరంగల్ ఆవిడ గరిజెలు అంటుంది, నేను కజ్జికాయలంటాను, ఇద్దరివీ ఒకే రుచి. కారం పైకి మన హైదరాబాదు సొంత సరుకు ఉండనే ఉంది, లుక్మీ. ఇక్కడి ముస్లిం పెళ్ళిళ్ళకి వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు, బిర్యానీకి ముందు పళ్ళెంలో వచ్చే ఆ నలుచదరం పలక. లుఖ్మా అంటే ముద్ద, ఒక్క నోటికి సరిపడే ముద్ద. లోపల ఖీమా ఉంటుంది. నేను ఖీమా వద్దన్నాను, పైన చెప్పిన ఎండ లెక్క వల్లే. 'ఖీమా లేని లుక్మీ లుక్మీయేనా' అని పాతబస్తీ వాళ్ళు కోప్పడితే తల వంచుకుంటాను. ఆ రోజుకి మాత్రం పొడి పూర్ణం పెట్టాం.

కొలతలు అడుగుతారని తెలుసు. కజ్జికాయలకి అరకిలో మైదా, అందులో గుప్పెడు బొంబాయి రవ్వ, మూడు చెంచాల వేడి నెయ్యి, చిటికెడు ఉప్పు. నెయ్యి కలిపాక పిండి పిడికిట పడితే ముద్దకట్టాలి, అప్పుడే నీళ్ళు. పూర్ణానికి ఎండుకొబ్బరి, బెల్లం చెరో రెండు వందల గ్రాములు, వేయించిన నువ్వులు, పుట్నాలపొడి చెరో వంద, ఏలకులు. పచ్చికొబ్బరి వద్దు, ఎండలకి సాయంత్రానికే వాసన వస్తుంది. లుక్మీకి మైదాలో నెయ్యి, రెండుమూడు చెంచాల పెరుగు, ఉప్పు. పూర్ణానికి పుట్నాలపొడి, నువ్వులు, ఎండుకొబ్బరి, ధనియాలు, జీలకర్ర, సోంపు, కారం, ఆమ్‌చూర్, ముద్ద విడిపోకుండా ఒక చెంచా నూనె. ఆఫీసు పక్కనే ఇల్లుండి, ఇంట్లో పనిచేసే ఓవెన్ ఉన్నవాళ్ళయితే గోంగూర మాంసం బాగా దగ్గరపడేదాకా వండి పైలో పెట్టి చూడండి, లేదా నీరు ఇంకిపోయిన గుమ్మడికాయ హల్వా. మామిడితాండ్ర ముక్కలు చిన్నగా తరిగి కజ్జికాయలో పెడితే కూడా బాగుంటుంది. అది నా సొంత బుర్ర.

ఎన్ని చెయ్యాలన్నది ఇంకో సంగతి. వాడు ఇరవై రెండు మందికి తలా మూడు చొప్పున లెక్కేశాడు. ఇరవై రెండు మందీ తలో రకం తెస్తున్నప్పుడు ఎవరైనా ఒకే రకం మూడు తింటారా? ముప్ఫై కజ్జికాయలు, నలభై చిన్న లుక్మీలు చాలన్నాను. మనం ఎప్పుడూ ఎక్కువే చేసి చస్తాం, తక్కువైతే పరువు పోతుందని. పోయే పరువు ఎవరిదో ఆలోచించం.

సోమవారం సాయంత్రం వాణ్ణి చిక్కడపల్లి మార్కెట్‌కి చీటీ ఇచ్చి పంపాను. ఎండుకొబ్బరి చిప్పలు తెమ్మంటే ప్యాకెట్లో కొబ్బరి పొడి తెచ్చాడు. మళ్ళీ పంపాను. రెండోసారి వెళ్ళొచ్చి "మోకాళ్ళు నొప్పులంటావు కదా, రోజూ ఎలా తిరుగుతావమ్మా ఆ జనంలో?" అన్నాడు. నేనేం జవాబు చెప్పలేదు.

బుధవారం రాత్రి ఎనిమిదికి మొదలుపెట్టాం. నేను స్టూలు మీద కూర్చున్నాను, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఎంత కష్టమో తెలుసా అలా కూర్చోవడం! పిండి పలచనవుతుంటే నా వేళ్ళు వాటంతటవే కదిలాయి. మొదటి వాయిలో నాలుగు కజ్జికాయలు వేస్తే నాలుగూ నోరు తెరిచాయి. బెల్లం నూనెలో పడి నల్లగా మాడింది. వాడి మొహం చూస్తే జాలేసింది, లేచి అట్లకాడ అందుకోబోయాను కూడా. కోడలు అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతోంది. "అత్తయ్యా, కూర్చోండి" అంది నెమ్మదిగా. కూర్చున్నాను.

ఎందుకు విచ్చుకున్నాయో చెప్పాను. పూర్ణం అంచుమీదికి వచ్చిందంటే అక్కడ పిండికి పిండి అంటదు. లోపల గాలి వేడెక్కి పొంగుతుంది, బలహీనంగా ఉన్న చోట తన్నుకు బయటికొస్తుంది. అందుకని చెక్కలో పెట్టేటప్పుడు పూర్ణం ఒక చెంచా తక్కువే వెయ్యాలి, అంచుకి తడిచెయ్యి రాయాలి, నూనె మరీ కాగకూడదు. మంట తగ్గించి ఓపిగ్గా వేయిస్తే అంచు దాకా గుల్లవుతుంది. పై మూతకి ఇంగ్లీషువాళ్ళు గాట్లు పెట్టేది ఆ ఆవిరి పోవడానికే. మనది నూనెలో వేసేది కాబట్టి గాటు పెట్టకూడదు, పూర్తిగా మూసెయ్యాలి. "ఇదంతా నీకెవరు చెప్పారు?" అన్నాడు. మాడినవి చెప్పాయి.

నూనె మార్చాం. రెండో వాయిలో ఒకటే విచ్చుకుంది. లుక్మీలు వాడికి బాగా కుదిరాయి, స్కేలు పెట్టి గీసి నలుచదరాలు కోశాడు, ఇంజనీరు కదా. పదింటికి మావారు వంటింట్లోకి వచ్చి మంచినీళ్ళు తాగి, వెళ్ళకుండా గోడకానుకుని నిలబడ్డారు. కాసేపటికి "ఆ రోజు ఎనభై చేశావు కదూ?" అన్నారు. పేరు పెట్టి అడగలేదు, ఏ రోజో చెప్పలేదు. "ఆ" అన్నాను. ఆయన పీట లాక్కుని కూర్చుని పూరీలు ఒత్తారు. గుండ్రంగా ఒక్కటీ రాలేదు. చెక్కలో పెట్టి నొక్కితే ఎలాగూ అంచులు తెగిపోతాయి కాబట్టి సరిపోయింది. పదకొండున్నరకి ముగిసింది. వాడి చేతి మీద రెండు చిన్న బొబ్బలు. బర్నాల్ రాస్తుంటే "నీ మోచేతి మచ్చ..." అని ఆగిపోయాడు.

పొద్దున్న సర్దేటప్పుడు వాళ్ళ టీమ్‌లో ఇద్దరు రోజా ఉంటున్నారని చెప్పాడు. రంజాన్ మొదలై అప్పటికి మూడో రోజు. మిగిలితే సాయంత్రానికి వాళ్ళకిస్తానన్నాడు. మిగిలినవి ఇవ్వడం వేరు, ముందే తీసిపెట్టడం వేరు. చిన్న డబ్బాలో తలా నాలుగు లుక్మీలు, రెండు కజ్జికాయలు విడిగా పెట్టించాను. పొడి పూర్ణం కాబట్టి ఆరున్నరకి ఇఫ్తార్ దాకా ఏమీ కావు. ఇంకా ఒక చీటీ మీద ఏమేం వేశామో రాయించాను, మైదా, నెయ్యి, నువ్వులు, కొబ్బరి అని. నువ్వులు పడనివాళ్ళుంటారు. చీటీ చివర వాడి పేరు వాడే రాసుకున్నాడు. నా పేరు రాయనా అని అడిగాడు. నువ్వు చేసినదానికి నా పేరెందుకన్నాను. కాస్త గర్వంగానే వెళ్ళాడు.

మా అశోక్‌నగర్ నించి చిక్కడపల్లి స్టేషనుకి నడిచెళ్ళి, పరేడ్ గ్రౌండ్‌లో మారి హైటెక్ సిటీకి వెళ్తాడు. 2020 ఫిబ్రవరిలో ఈ లైను రాకముందు రెండు బస్సులు మారేవాడు, అప్పుడైతే కజ్జికాయలు పొడి అయ్యేవి. మెట్రోలో తినకూడదు కాబట్టి ఎవరూ అడగలేదట, వాసనకి తలలు మాత్రం తిప్పారట.

సాయంత్రం తొందరగా వచ్చాడు. "ఎలా ఉన్నాయన్నారు?" అని నేనడగలేదు. వాడే మొదలుపెట్టాడు. ఎవరు ఏ మాటన్నారో, ఎవరు రెండోది తీసుకున్నారో, ఎవరు కొరికి పక్కన పెట్టేశారో అన్నీ చెప్పాడు. ఆ పక్కన పెట్టినవాడి మీద పావుగంట బాధపడ్డాడు. మిగతా 'హోమ్ మేడ్' వాళ్ళని నువ్వే చేశావా అని అడిగితే నవ్వేసి ఊరుకున్నారట. ఒకమ్మాయి మాత్రం లుక్మీ ఎలా చేశావని అడిగి రాసుకుందట. నాకు నవ్వొచ్చింది. వాడి గొంతులో ఉన్నది నాది, 1998లో అడుగుదామని నిద్రపోకుండా కూర్చున్న గొంతు. మావారు టీవీ సౌండు తగ్గించి మొత్తం విన్నారు.

అప్పుడు డబ్బా అందుకున్నాను. కడిగి తెచ్చాడు, పరవాలేదు. మూత లేదు.

"మూతేదిరా?"

వాడి మొహం పాలిపోయింది. అమ్మ పేరున్న మూత. అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. నేను గట్టిగా ఏమీ అనలేదు. అనకపోవడమే వాడికి ఎక్కువ తగిలినట్టుంది. ఆ రాత్రే ఆఫీసులో సెక్యూరిటీకి ఫోన్ చేశాడు, పాంట్రీ మూసేశారన్నారు. శుక్రవారం వాడికి ఇంటినుంచే పని, అయినా పొద్దున్నే ఏడింటికి బయల్దేరాడు. మావారు చెప్పకుండా వాడితోపాటు వెళ్ళారు. నేను బాల్కనీలోంచి చూశాను, ఇద్దరూ స్టేషను వైపు నడిచి వెళ్ళడం.

పదకొండింటికి తిరిగొచ్చారు. పాంట్రీలో మైక్రోవేవ్ వెనకాల, ఎవరో దాని మీద కేకు పెట్టి కోశారట, దొరికింది. మూత మీద కత్తి గీతలు రెండు పడ్డాయి, అమ్మ పేరు కింద. మావారు దాన్ని రుమాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని మెట్రోలో తెచ్చారని మావాడు చెప్పాడు. ఆయన ఏమీ చెప్పలేదు. సింకు దగ్గరికి తీసుకెళ్ళి, చింతపండు పెట్టి తోమడం మొదలుపెట్టారు.